లోపలి గొళ్ళెం

నా చిన్నప్పుడు నేను దేనికి భయపడకపోతుంటినో అడిగితే చెప్పుడు సులువు. కంపెనీ సైరన్ మోగితే భయం, బొంబాయి రోడ్డు మీద లారీ హారన్ కొడితే భయం, కొత్త మనిషి పేరడిగితే భయం. మా నాయనమ్మ నన్ను ఒళ్ళో కూసోబెట్టుకొని, ఛాతీ మీద చెయ్యి పెట్టి, "అవ్వో, ఇది పిట్ట గుండెనే" అని నవ్వేది. నవ్వినా ఆ చెయ్యి మాత్రం తియ్యకపోయేది.

ఐదో తరగతి అయిపోయినంక అన్నిటికన్న పెద్ద భయం మీద పడ్డది. మా ఊరి బడి ఐదుతోనే సరి. ఆరో తరగతికి పోవాలంటే రెండు సర్కారు హైస్కూళ్ళు ఉండె. ఒకటి రోడ్డుకు ఇవతల, ఊరికి దగ్గర. ఇంకొకటి రోడ్డు దాటి, అవతలి ఊరి చివర. నాయిన అప్పట్ల ఒక కంపెనీల కాంట్రాక్టు కింద పనిచేస్తుండె. ఆయన ఒకటే మాట చెప్పిండు. "పోతే పది దాక పో. నడుమల ఏడ్సుకుంట ఇంట్ల కూసుంటే ఇగ మల్ల పంపేది లేదు, అక్కతోని ప్యాకింగ్‌కు తోలుత."

అది ఉత్త బెదిరింపు కాదు. అక్క అంటే మా పెద్దనాయిన బిడ్డ. దగ్గరి హైస్కూలుల చేరి, ఏడో తరగతి నడుమల మానేసింది. ఎందుకని ఎవ్వరడిగినా చెప్పలే. ఒకనాడు కడుపునొప్పి అన్నది, ఒకనాడు జరమన్నది, తర్వాత ఇగ పోనే పోలే. పదమూడేండ్లకే మందుల సీసాలకు కాగితాలంటించే పనికి పోయేది. సాయంత్రం ఇంటికొచ్చి వేళ్ళకు ఎండిన జిగురు గీక్కుంట కూసునేది. ఆ వేళ్ళు చూసి నేను నా చేతులు ఎనక్కి దాసుకునేదాన్ని. కొత్త బడికి పోవాలంటే భయం, పోకుంటే ఆ జిగురు భయం. ఏ దిక్కు పోవాలో తెలువక దుప్పటి కింద ఏడ్సేదాన్ని.

నాయిన మనసుల దగ్గరి బడి ఖాయమైపోయింది. దానికి పెద్ద ఇనుప గేటు ఉన్నది, ఎత్తు గోడ ఉన్నది, గేటు కాడ ఖాకీ బట్టల వాచ్‌మన్ ఉన్నడు. పొలాలు పోయి కంపెనీలొచ్చిన మా దిక్కు ఊర్లల్ల అదొక వెర్రి నమ్మకం. గేటు, వాచ్‌మన్ ఉన్న తావుల మనిషి పడితే బతుకు పర్మినెంట్ అయితదని అనుకునేటోళ్ళు. నాయిన కూడ బడిని కంపెనీ లెక్కనే చూసిండు. నాయనమ్మ మాత్రం రెండూ చూడాలె, పిల్లను వెంట పెట్టుకొనే చూడాలె అని పట్టుబట్టింది.

బడులు తెరిచిన మొదటి వారం. ఎండలింకా తగ్గలే. ఆ పొద్దున నాయనమ్మ పెరుగు చిలికి నాకు చెంబెడు సల్ల ఇచ్చి అడుగు దాక తాగిపిచ్చింది. తాగినంక ఇంకో చెంబు నింపింది. కడుపు పగులుతదని మొత్తుకున్నా వినలే. ఎండల పడి పోతున్నం, తాగాలె బిడ్డా అన్నది. నాకేం తెలుసు, తాగిన.

దగ్గరి బడికి పోయినంక నాయిన హెడ్మాస్టర్ గదిలకు పోయిండు. నేను, నాయనమ్మ బయట బల్ల మీద కూసున్నం. జెరసేపటికే నాకు ఒంటికి వచ్చింది. నాయనమ్మ చెవుల మెల్లగ చెప్పిన. ఎన్నడూ నా చెయ్యి విడువని మనిషి, ఆనాడు మొఖం అటు తిప్పుకున్నది. "నాకేమెరుక, ఈ బడి పిల్లలనే అడుగు పో" అన్నది. నాకు నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. అయినా ఆగేటట్టు లేదు. వరండాల ఒక పిల్ల కనబడితే పోయి అడిగిన.

ఆ పిల్ల నన్ను పాపమన్నట్టు చూసింది. బాత్రూం ఉన్నదట గానీ తాళం వేసి ఉంటదట, తాళంచెవి సార్ల దగ్గర ఉంటదట. ఆడపిల్లలు పొద్దున ఇంటికాడ పోయి వస్తరు, మల్ల సాయంత్రం ఇంటికి పోయినంకనే. అందుకే నీళ్ళు తాగరట. మరీ ఆగకుంటే గోడెనక్కి పో అని చెయ్యి చూపిచ్చింది. పోయి చూస్తే ఎనక గోడ సగం కూలి ఉన్నది. దాని అవతల లారీలు ఆగి ఉన్నయి, క్లీనర్లు బనీన్ల మీద నీళ్ళు పోసుకుంటున్నరు. ఒకడు నా దిక్కు చూసి ఏదో హిందీల అన్నడు. ఎనక్కి ఉరికొచ్చి బల్ల మీద పండ్లు బిగబట్టి కూసున్న. నోరు తెరిచి చెప్తే, పిల్లకు భయం, ఇగ బడి వద్దు అని నాయిన అంటడేమో. చెప్పకుంటే అందరి ముందట లంగ తడుస్తది. ఆ పది నిమిషాలు నేను పడ్డ నరకం పగోళ్ళకు కూడ వద్దు.

నాయనమ్మ నా మొఖం ఒక్కపాలి చూసి లేచింది. నాయినను బయటకు పిలిచి, ఇగ రెండోది చూద్దాం నడువు అన్నది. బొంబాయి రోడ్డు కాడికి వచ్చేసరికి నాకు లారీలు కూడ కనబడుత లెవ్వు. నాయనమ్మ మణికట్టు పట్టుకొని దాటిపిచ్చింది, బాత్రూం తాళం సంగతి అప్పుడే ఆమె చెవుల చెప్పిన. ఎనక నుంచి నాయిన గొణుగుతనే ఉన్నడు.

రెండో బడికి గేటే లేదు. నాలుగు గదులు, రేకుల వరండ, అంతే. నాయిన మొఖం మాడిపోయింది. నేను కాలు మీద కాలు మెలేసి నిలబడ్డ. రెండు జడల పెద్ద పిల్ల ఒకామె నన్ను చూసి, పేరు అడగలే, ఊరు అడగలే. "ఒంటికా?" అని చెయ్యి పట్టుకొని గుంజుకపోయింది. గదుల పక్కన నాలుగు గోడలు, పైన కప్పు కూడ లేదు. రేకు తలుపు. లోపల డ్రమ్ముల నీళ్ళు, ఒక డబ్బ. "లోపల గొళ్ళెం పెట్టుకో, నేనీడనే ఉంట" అన్నది. ఉన్నట్టు నాకు తెలువాలని పన్నెండో ఎక్కం గట్టిగ చదువుకుంట నిలబడ్డది. ఆ గొళ్ళెం ఎన్ని చేతులు పడ్డయో గానీ నున్నగ అరిగి మెరుస్తుండె. అది పడ్డ చప్పుడుకు నాకు దుఃఖమే వచ్చింది. పన్నెండు పదులు అయ్యేదాక లోపలనే ఏడ్సిన.

బయటికి రాంగనే నాయనమ్మ ఎదురొచ్చింది.

"గొళ్ళెం ఉన్నదా?"

"ఉన్నది."

"లోపలికెల్లి పడ్తదా?"

"పడ్తది."

నాయిన దిక్కు తిరిగి, పిల్ల ఈడనే చదువుతది అన్నది. నాయిన కస్సుమన్నడు. దూరమన్నడు, రోడ్డన్నడు, లారీ కింద పడితే ఎవరు జిమ్మేదారన్నడు. "రోడ్డు నేను దాటిస్త, రోజూ. ఆ తాళం నేను తియ్యలేను. నీ అన్న బిడ్డ ఎందుకు మానేసిందో ఎన్నడన్న సోచాయించినవా?" అన్నది. నాయిన నా పేరు రాయిపిచ్చెటందుకు లోపలికి పోయిండు.

అన్నట్టే ఎనిమిదో తరగతి దాక వానల, ఎండల నన్ను దాటిపిచ్చింది. కావాలనే రెండు చెంబుల సల్ల తాగిపిచ్చిన సంగతి మాత్రం నేను పది పాసైన నాడు బయటపెట్టింది. ముసల్దానివి, ఎంత పని చేసినవే అని కొట్లాడిన. "ధైర్యం ఉన్నోళ్ళను తోలితే గేటు చూసొస్తరు. నీ అసొంటి పిరికిదాన్ని తోలితేనే అసలు బడి కనబడ్తది" అని నవ్వింది. అక్క మా పక్కనే కూసొని ఉన్నది. జిగురు వేళ్ళతోని నా మార్కుల కాగితం ఒకసారి తడిమి, మడతపెట్టి నాకిచ్చింది.

ఇప్పుడు మా బిడ్డోళ్ళు ఇంద్రేశం దిక్కు కొత్త ఇండ్లల్ల ఉంటున్నరు. మనవరాలికి ఐదో తరగతి అయిపోయింది. అల్లుడు మంచోడే, మూడు రోజుల నుంచి ఫోన్‌ల రెండు సర్కారు హైస్కూళ్ళు పక్కపక్కన పెట్టి పాసైనోళ్ళ లెక్కలు, రంగుల గోడలు, కంప్యూటర్ గదులు చూపిస్తున్నడు. నేను ఆ ఫొటోలల్ల ఒక్క తలుపు కోసం ఎతుకుతున్న. దొరకలే. ఈ వయసుల కూడ నా గుండె ఆనాటి లెక్కనే కొట్టుకుంటున్నది.

ఈ పొద్దున చూసొద్దామని బయలెల్లినం. అల్లుడు బయట బండి స్టార్ట్ చేసి పిలుస్తున్నడు. పిల్ల మూతి తుడుసుకుంట, ఇగ చాలమ్మమ్మా, కడుపు నిండింది అన్నది.

ఇంకొక్క గ్లాసు తాగు బిడ్డా అని మల్ల సల్ల పోసిన.