పోలీసు నిలబడిన గడప

కానిస్టేబుల్ సంజీవప్ప ఒక చోట కూర్చోలేని మనిషి. అన్నం తింటూ కూడా వీధి చూసేవాడు. ఆమడగూరు దగ్గర మెట్ట పొలం వదిలి పోలీసులో చేరాడు. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో అతను ధర్మవరంలో ఉండగా, సాయంత్రం మగ్గం దిగిన కుర్రాళ్ళను పిలిచి స్టేషన్ వరండాలో చదువు చెప్పమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మిగతావాళ్ళు నవ్వుకున్నారు. సంజీవప్ప పలకలు కొన్నాడు.

అక్షరాలు వచ్చినవాళ్ళకు ఒకటే మాట పదే పదే చెప్పేవాడు: చదవకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయొద్దు, పోలీసు అడిగినా సరే. ఓబులేసు అనే కుర్రాడు అందరికంటే ముందు చదవడం నేర్చాడు.

ఒకరోజు ఓబులేసు తల్లి కుళ్ళాయమ్మ వచ్చింది. గేటు దాటి లోపలికి రాలేదు.

"ఏమప్పా, నా కొడుకు ఏం తప్పు చేసినాడని దినామూ ఈడికి పిలుస్తాండావు?"

"చదువు చెప్తాండానక్కా."

"చదువు బడిలో చెప్తారు. ఈడ చెప్పేది దెబ్బలు గదా! కనగానపల్లి తిమ్మప్ప పిల్లనిస్తానన్నోడు, స్టేషన్ మెట్లెక్కేవానికి ఇయ్యనంటాండాడు. ఇంగ నా కొడుక్కి పెండ్లెట్లయితాది?"

ఆమె పోయాక సంజీవప్ప ఆవరణలో అటూ ఇటూ తిరిగాడు. తన చదువు వల్ల చెడిన సంబంధం తనే చక్కదిద్దాలనుకున్నాడు. మర్నాడు సెలవు పెట్టి, ఎర్రటోపీ, నిక్కరు వదిలి, పంచె కట్టుకుని కనగానపల్లి బస్సెక్కాడు.

పంచె ఏమీ దాచలేదు. పొట్టి క్రాపూ, ఆ నడకా చూసి ఊరు పోల్చుకుంది. తిమ్మప్ప ఇంట్లో మగ్గం చప్పుడు ఆగింది. అతను గడపలోకి వచ్చేసరికి సంజీవప్ప వెనక సగం వీధి నిలబడి ఉంది.

"నేనేం చేసినా సామీ?"

"ఏం లేదప్పా. ఓబులేసు సంగతి చెప్పనీకి వచ్చినా. మంచి పిల్లోడు. చదువుకుంటాండాడు, అంతే. వాని మీద స్టేషన్లో ఏ కేసూ లేదు."

తిమ్మప్ప వినడం లేదు. జనాన్ని చూస్తున్నాడు.

"మీరు పోయినాంక వీళ్ళకేం చెప్పల్ల సామీ? పోలీసాయన ఊరకే వచ్చినాడంటే నమ్ముతారా?"

అతని భార్య రుక్మిణమ్మ లోపలినుంచి అంది: "సంబంధం మాట్లాడనీకి వచ్చినాడని చెప్పు. పెండ్లి జరిగితేనే ఆ మాట నమ్ముతారు. జరగలేదా, మనమేందో చేసినామనుకుంటారు."

తిమ్మప్ప గడప దాటి బయటికి వచ్చాడు. తర్వాత వీధికి వినపడేలా, "ముహూర్తం పెట్టుకుందాం సామీ" అన్నాడు.

వాళ్ళు ఇచ్చిన మజ్జిగ సంజీవప్ప తాగలేదు. వెళ్ళబోతుంటే తలుపు పక్కన పిల్ల కనబడింది, నీలావతి. అతని చేతుల వైపే చూస్తోంది, లాఠీ ఎక్కడుందోనన్నట్టు.

బస్సు కోసం నిలబడలేకపోయాడు. ధర్మవరం దారిన నడిచాడు. తాను ఒక కుర్రాడి గురించి మంచి మాట చెప్పాడా, ఒక ఇంటిని భయపెట్టాడా? పిల్లకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. తానూ అడగలేదు. దారి మధ్యలో ఆగాడు. వెనక్కి పోయి ఆ ఒక్క మాట అడిగి రావాలనిపించింది. కాని పోలీసు రెండోసారి ఆ ఇంటికి వస్తే ఊరు ఏమనుకుంటుంది?

బస్సు వచ్చింది. చెయ్యెత్తలేదు. దుమ్ము తగ్గేదాకా నిలబడి, మళ్ళీ ధర్మవరం వైపే నడిచాడు.