ఆ డబ్బాలో జార్జ్

ఇరవై ఏళ్ల కిందట మావారు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చదివేవారు. నేను ఊరి బయట చక్రాల ఇళ్లుండే కారవాన్ పార్కులో శుభ్రం చేసే పనిలో ఉండేదాన్ని. అక్కడే ఒక కారవాన్‌లో మా కాపురం.

ఒకరోజు వానలకు పక్కనున్న వాగు పొంగింది. పల్లంలో వాళ్లందరూ ఖాళీ చేసినా, అక్కడ ఒంటరిగా ఉండే మార్గరెట్ ఆంటీ కదలలేదు.

"జార్జ్‌ను వదిలి నేను రాను" అంది, పిలవడానికి వెళ్లిన నాతో.

ఆమె భర్త జార్జ్ పోయి ఏడాదైంది. మతి చలించిందేమోనని హడలిపోయాను. నీళ్లు లోపలికి వచ్చేస్తున్నాయి. ఆమె అలమర చూపించింది. అందులో ఆయన చితాభస్మం ఉన్న డబ్బా!

అలాంటిది గడప దాటి లోపలికి రానివ్వని కుటుంబం మాది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తర్వాత డబ్బాను గుండెకు హత్తుకుని, ఆంటీని పట్టుకుని, మిట్ట మీదున్న మా కారవాన్‌కు నడిచాను.

డబ్బాలో ఏముందో చెప్పగానే, "ఇంట్లోకి తెచ్చావా?" అన్నారు మావారు.

"ఇద్దరూ తడిసిపోయారండీ" అన్నాను.

ఆయన తువ్వాళ్లు తెచ్చి, ఒకటి ఆంటీకిచ్చి, మరోదానితో డబ్బా తుడిచారు. ముట్టుకున్నాక స్నానం చేయాలన్నది ఆ రోజు మా ఇద్దరికీ గుర్తే రాలేదు.