ముప్పై ఆరు గళ్లు

వై2కె గండం గడిచిన ఏడాది, విదేశంలో చదువుకోడానికొచ్చి, క్లేటన్‌లో నలుగురం తెలుగువాళ్లం ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్లం. మిగతా ముగ్గురికీ యూనివర్సిటీ అయ్యాక సాయంత్రం ఉద్యోగాలు. నాకు ఏదీ దొరకలేదు. ఆరయ్యేసరికి ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. ఒక్కణ్ణే కూర్చుని తినడం నా వల్ల కాదు. అన్నం వండుకుని కూడా తినకుండా పడుకున్న రోజులున్నాయి. నెలకొక్క పూటైనా నలుగురం కలిసి తినాలని నాకు పట్టుదల పుట్టింది.

ముగ్గురి దగ్గరా ఆ నెల సెలవు తేదీలు చీటీల మీద రాయించుకున్నాను. తలా నాలుగు. చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే నిమిషంలో తేలే సంగతి. కానీ అప్పుడు మాకు ప్రతిదీ కంప్యూటర్‌కి ఎక్కించే పిచ్చి. మనిషికో అడ్డువరస, తేదీకో నిలువువరస, అంతా సున్నాలతో మ్యాట్రిక్స్ కట్టాను. అడ్డువరసల జాబితా, తేదీల జాబితా ఇచ్చి, ఇంట్లో ఉన్నట్టు గుర్తుగా ఆ గళ్లలో ఒకట్లు పెట్టమన్నాను. పెట్టింది. పన్నెండు తేదీల్లోనూ ముగ్గురూ ఇంట్లోనే! చీటీలు చెత్తబుట్టలో పారేసి, అచ్చు తీసిన కాగితం ఫ్రిజ్‌కి అంటించాను. ఎలాగూ ఉంటారు కదా అని ఎవరికీ చెప్పలేదు.

ఆ పన్నెండింట్లో మొదటి తేదీన గుత్తివంకాయ వండి, నాలుగు కంచాలు పెట్టుకుని కూర్చున్నాను. ఏడున్నరకి ఒకడొచ్చాడు.

"ఎవరైనా వస్తున్నారా బావా?"

"మీరు ముగ్గురేగా."

"వాళ్లకివాళ షిఫ్టుంది కదా. నేనూ బయట తినేసొచ్చా, ఏమనుకోకు."

వాడు గదిలోకి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు. ఆ రాత్రీ తినలేదు.

మర్నాడు ల్యాబ్‌లో ట్యూటర్‌కి నా ప్రోగ్రామ్ చూపించాను. ఆమె నవ్వలేదు. రెండు జాబితాలు విడిగా ఇస్తే అది జతలు కలపదట, ప్రతి వరసనీ ప్రతి తేదీతో కలుపుతుందట. నేను పన్నెండు గళ్లు ఎంచుకున్నాననుకుంటే అది ముప్పై ఆరు నింపింది. వరసా తేదీ కలిపి ఒక్కో గడికీ ఒకే సంఖ్య లెక్కగట్టి ఇవ్వాలని, ఎలాగో రాసి చూపించింది.

ఆమె చెప్పినట్టే సరిచేశాను. సరిగ్గా పన్నెండు ఒకట్లు వచ్చాయి. ఏ నిలువువరసలోనూ రెండో ఒకటి లేదు; ఏ తేదీనా ఇద్దరు కలిసి ఇంట్లో ఉండరు.

దాన్ని అచ్చు తీసి ఇంటికి తెచ్చాను. ఫ్రిజ్ ముందు కాసేపు నిలబడి, తెచ్చినదాన్నే చింపేశాను. ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా, ఆ తప్పు కాగితంలో అందరూ ఇంట్లోనే ఉన్నారు.