నికారెతె బూతులు మానేసిన ఏడు

మా హలిమూస్ ఊళ్లో విత్తనాలు చల్లే ముందు ఆడవాళ్లం పండుగ చేసుకుంటాం. మగవాళ్లు రాకూడదు. ఆ రోజుల్లో వాళ్లేం వండుకు తింటారో మాకు తెలియదు, అడగం కూడా. అంతకుముందు గోతిలో పడేసిన పందిపిల్లలు అప్పటికి కుళ్లి మన్నులో కలిసిపోయి ఉంటాయి. ఆ మన్ను తోడి విత్తనాల్లో కలుపుతాం. అదంతా అయ్యాక బూతులాడాలి.

నవ్వులాటకని కాదు. పంటల దేవత దెమెతెర్ తల్లి కూతుర్ని పాతాళరాజు ఎత్తుకుపోయినప్పుడు ఆమె అన్నం నీళ్లు మానేసి కూర్చుంది. భూమ్మీద గడ్డిపోచ మొలవలేదు. ఒక పనిమనిషి పచ్చి బూతు చెబితే నవ్వి, ఇంత బార్లీ జావ తాగింది. అందుకని మేమూ ఒకరోజు ఉపవాసముండి, బూతులాడి, పుదీనా వేసిన జావ తాగుతాం. సరిగ్గా నవ్వకపోతే పంట రాదు.

మా ఊళ్లో ఆ పని నికారెతెది. వలలు అల్లే తెలెసోన్ పెళ్లాం. మామూలు రోజుల్లో నలుగురిలో నోరు విప్పేది కాదు. పండుగనాడు వావిలి కొమ్మలు పరుచుకుని కూర్చుందంటే మాత్రం ఆమె నోటికి హద్దూ పద్దూ ఉండేది కాదు. తాను నవ్వేది కాదు. మొహం గంటుగా పెట్టుకుని చెప్పేది. ముసలమ్మలు పక్కటెముకలు పట్టుకుని దొర్లేవారు.

ఆ ఏడు వేసవి చివర ఆమె కూతురు ప్లాంగోన్ జ్వరంతో పోయింది. ఒక్కతే కూతురు. చలికాలంలో పెళ్లి పెట్టుకున్నారు. పెళ్లికాని పిల్ల పోతే పాతాళరాజుకిచ్చి చేశామనుకోవడం మా ఆనవాయితీ. బంధువులొచ్చి ఆ మాటే చెప్పి ఓదార్చారు. "ఆ అల్లుణ్ణి నేను చూడలేదు," అంది నికారెతె. అంతే, మళ్లీ మాట్లాడలేదు. ముద్ద గొంతు దిగేది కాదు. తెలెసోన్ బతిమాలితే రెండు ఆలివ్ కాయలు చప్పరించి ఊరుకునేది. పండుగ నాటికి ఎముకల గూడు మిగిలింది. ఇలాగే ఉంటే చలికాలం దాటదని మంత్రసాని తేల్చేసింది.

ఉపవాసం నాడు నికారెతె వచ్చి ఒక మూల కూర్చుంది. ఆ ఏడు పండుగ పెద్ద ఆర్ఖిప్పె బూతులు ఎవరు చెబుతారని అడిగింది. అందరూ నేల చూపులు చూశారు. నికారెతె పక్కింటిదాన్ని కదా, చివరికి నన్ను లేపారు. నాకు ఒళ్లు మండింది. అయినా లేచాను. నికారెతె నవ్వితే తింటుందేమోనని నా ఆశ. ఆమెకు పేరు తెచ్చిన కథే ఎత్తుకున్నాను.

"మా ఆయన గుర్రుపెట్టి నిద్రపోయాడు," అని మొదలుపెట్టాను. "అంతకుముందు ఏమైందంటే..."

ఒక్కరూ నవ్వలేదు. ఎవరో దగ్గారు. ముందుకు పోలేను, వెనక్కి రాలేను. గుర్రు సంగతే ఇంకోసారి చెప్పాను.

మూలనుంచి నికారెతె గొంతు వినిపించింది.

"ఓసి నీ మొహం మండా. మొదట్లోనే నిద్రపుచ్చేస్తే ఇంకేం మిగిలిందే?"

లేవకుండానే చెప్పింది. మొగుడు పిల్లల్ని అమ్మమ్మింటికి తోలెయ్యమన్నాడట. ఒళ్లంతా నూనె పట్టించుకున్నాడట. కోడెదూడలా రంకె వేశాడట. ఇవాళ నువ్వు బతికి బట్టకట్టవన్నాడట. ఆవిడ భయపడి ఇష్టదేవతలందరికీ దండం పెట్టుకుని, జడ విప్పుకుని ఇటు తిరిగేసరికి గుర్రు.

ఆర్ఖిప్పె పండుగ పెద్దరికం మరిచిపోయి నేల మీద చతికిలబడింది. అందరం కళ్ల నీళ్లు కారేలా నవ్వాం. నికారెతె నవ్వలేదు. మా నవ్వులు అయిపోయేదాకా ఆగింది.

"ఆ తల్లికి కూతురు ఏటేటా తిరిగొస్తుంది. ఆమె నవ్విందంటే నవ్వింది," అంది. "నాది రాదు."

జావ గిన్నె పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాను.

"ఇలా ఇవ్వు," అని చెయ్యి చాపింది. "వచ్చే ఏడు నీ నోటికి వదిలేస్తే ఊళ్లో గింజ మొలవదు."

అడుగుదాకా తాగింది. నేను పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఖాళీ గిన్నె నా ఒళ్లో పెట్టి, ఇంకొంచెం పొయ్యమంది.