పావంగుళం పెద్ద తల

టేకు చెక్కను కోస్తున్నప్పుడు లేచే వాసనకు ఇప్పటికీ నాకు భారతి టీచరే గుర్తొస్తారు. ఈ పొద్దున ఆటోనగర్‌లోని మా షాపులోనూ అంతే. రంపం ఆపి నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కవాళ్ళు వింతగా చూశారు. చూడనీ.

ఎనభైల మొదట్లో గాజువాకలో మేము అద్దెకున్న ఇంట్లో పక్క వాటా ఆవిడది. రాజమండ్రి వైపు మనిషి, బళ్ళో సైన్సు చెప్పేవారు. నేనేమో టెన్త్‌లో ఆ సైన్సే తప్పి, ఉక్కు పోత పోసే అచ్చులకు చెక్క నమూనాలు చేసే పనిలో కుదిరినవాణ్ణి. అది తెలిసీ ఒక ఆదివారం ఆవిడ నా ముందు ఒక బొమ్మ పరిచారు. పందంత జంతువు, చిలక ముక్కులాంటి మూతి, రెండు కోరలు.

"ఏటి టీచరుగారూ, పందికి సిలక ముక్కెట్టారేటి?"

"దీని పేరు లిస్ట్రోసారస్. పాలిచ్చే జంతువులకు దూరపు చుట్టం నాయనా. ఆకులూ అలములూ తిని బతికేది. దీని బంధువర్గంలో ముంగిసంతవీ ఉన్నాయి, ఎద్దంతవీ ఉన్నాయి. మా గోదావరి ఎగువన కూడా కొన్నిటి ఎముకలు దొరికాయి."

"అయితే మీ సుట్టాలేనన్నమాట."

ఆవిడ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. ఇదే జంతువు ఎముకలు మన దేశంలో ఉన్నాయి, ఆఫ్రికాలో ఉన్నాయి, అంటార్కిటికాలోనూ ఉన్నాయి. అది సముద్రాలు ఈదగలిగేది కాదు. అంటే అప్పట్లో ఈ నేలలన్నీ కలిసే ఉండేవి. సైన్సు ఎగ్జిబిషన్‌లో పిల్లలకు ఇది చేత్తో పట్టుకుంటే తెలియాలని ఆవిడ ఆశ. ఇండియాకు ఒకటి, అంటార్కిటికాకు ఒకటి, అడుగు పొడవున రెండు చెక్క తలలు కావాలి. అట్టలో కోసిన ఒకే కన్నంలో రెండూ సరిగ్గా పట్టాలి.

"చేసినవారు సింహాచలం అని పెద్దక్షరాలతో రాస్తాను," అన్నారు. నన్ను తప్పించిన సైన్సు బల్ల మీద నా పేరు! ఆ మాటకు నేను నేల మీద నిలవలేదు.

ఇండియా తలను ఆవిడ వరండాలోనే, బడి స్కేలుతో కొలిచి చెక్కాను. రెండోది తొందరలో షాపులో ముగించాను. ఎగ్జిబిషన్ రోజు పొద్దున అట్ట తొడిగి చూస్తే మొదటిది పట్టింది, రెండోది పట్టలేదు. పావంగుళం పెద్దది. ఎందుకో నాకు వెంటనే తెలిసింది. పోసిన ఉక్కు చల్లారితే కుంచించుకుపోతుంది, అందుకని నమూనాను ముందే కాస్త పెద్దది చేస్తాం. మా షాపు స్కేలు మీద గీతలే ఆ మేరకు ఎడంగా ఉంటాయి. ఎవరూ పోత పోయని తలకు నేను అలవాటుకొద్దీ ఆ స్కేలే వాడేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"నా పేరు తీసీండి టీచరుగారూ. కన్నం పెద్దది కోసీస్తాను, ఎవులికీ తెలీదు."

"అంత కన్నమైతే అందులో ఏ తలైనా పడుతుంది. ఇంక పిల్లలకు మనం చూపించేదేముంది?" అని నా చేతికి కలం ఇచ్చారు. "జరిగింది నువ్వే రాయి."

రాశాను. 'ఈ తల పావంగుళం పెద్దది. తప్పు జంతువుది కాదు, నాది. సింహాచలం.'

మార్కులు వేయడానికొచ్చిన పెద్దాయన ఆ చీటీ చదివి మొహం చిట్లించారు. "రెండూ ఒకటి కానప్పుడు ఒకే జంతువని ఎలా నమ్మమంటారు?" టీచరు నా వైపు చూశారు. జేబులో ఎప్పుడూ ఉండే షాపు స్కేలు తీశాను.

"రెండోది దీంతో కొలవండి సార్. మొదటిది బడి స్కేలుతో కొలవండి."

కొలిచారు. రెండూ పన్నెండంగుళాలే. ఆ ఎడం గీతల కథ చెప్పమని పిల్లలు సాయంత్రందాకా నన్ను వదల్లేదు. మర్నాడు టీచరు టెన్త్ పరీక్ష ఫారం తెచ్చి నా ముందు పెట్టారు. ఈసారి సైన్సు తప్పలేదు.

నేను చెడగొట్టిన నమూనాలన్నీ ఇప్పుడు మా షాపు గోడకు వేలాడుతుంటాయి, ఒక్కోదానికీ నా చేతిరాతతో ఒక చీటీ. కొత్తగా చేరినవాళ్ళు ముందు అవి చదివాకే ఉలి పట్టాలి. మొదటి మేకుకున్నది చిలక ముక్కు తల. బదిలీ మీద వెళ్తూ టీచరు రెండు తలలూ ముందు పెట్టి ఏది కావాలని అడిగారు. నేను పెద్దదే తెచ్చుకున్నాను.