నా కారుకు కట్టిన నిమ్మకాయలు

ఏళ్ల తరబడి ఒక తువ్వాలు బరువు మోస్తున్నాను. నవ్వకండి. మా ఆవిడకు చెప్పలేదు, దేవుడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో, కార్ల కంపెనీలో ఉద్యోగం నాది. ఆ వేసవిలో మా ఆవిడ విజయవాడ వెళ్లింది. నాతో పనిచేసే జర్మన్ ఒకాయన, ఆదివారం మా క్లబ్బుకు రా అన్నాడు. పొలాల మధ్య, చెరువు పక్కన. కుటుంబాలతో వస్తారు, ఒంటి మీద బట్టలుండవు, అంతే అన్నాడు. ఏమీ దాచలేదు. కాదంటే ఏమనుకుంటాడో అని నేనే తలూపాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది కదా. నాకు బట్టలు పోయాయి.

తీరా వెళ్తే అక్కడేముంది? ముసలివాళ్లు పేకాడుతున్నారు. ఎవరో కేకు కోస్తున్నారు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. నేనొక్కడినే తువ్వాలును రెండు చేతులా పట్టుకుని, పరీక్ష హాల్లో కాపీ చీటీ దాచుకున్నవాడిలా నిలబడ్డాను. వెనక నుంచి తెలుగు వినిపించింది.

"ఏవయ్యా, నువ్వేనా?"

మూర్తిగారు! మా ఊరి తెలుగువాళ్లందరికీ పెద్దదిక్కు. ఏటా వినాయక చవితి పూజ చేయించేది ఆయనే. భార్య పోయాక ఆయనకు మిగిలిన పండగ అదొక్కటే. పెద్దలు కనబడితే చేతులు వాటంతటవే లేస్తాయి. లేచాయి, రెండూ.

"నమస్కారమండీ" అన్నాను. తువ్వాలు కింద పడింది.

ఆయన నా మొహం తప్ప ఇంకెక్కడా చూడలేదు. "చల్లగా ఉండు నాన్నా. అది తీసుకో. ఇక్కడ దాన్ని చుట్టుకోరు, పరుచుకుని కూర్చుంటారు" అన్నారు. పక్కన కూర్చోబెట్టుకుని కేకు పెట్టించారు. నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం నాకు హాయిగా ఉంది. ఈ ముక్క ఒప్పుకోవడం ఇంకా కష్టం.

చవితి ఏర్పాట్ల కోసం అందరం ఒకరింట్లో కలిశాం. మా ఆవిడ అప్పటికి వచ్చేసింది. బ్లూబెర్రీలు కోసుకోవడానికి అటువైపు వెళ్లిన ఒకావిడ, ఆ క్లబ్బు గేటు దగ్గర నల్ల కారు చూశానంది. ముందు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టి ఉన్నాయట! జర్మన్లు కట్టరు కదా. ఊళ్లో అలాంటి నల్ల కార్లు రెండే, నాదీ మూర్తిగారిదీ. ఆ ఆదివారం ఆయన క్లబ్బుకు సైకిల్ మీద వచ్చారు. మా ఆవిడ నా వైపు తిరిగింది.

"మూర్తిగారిదేమో" అన్నాను.

ఎందుకన్నాను? మా ఆవిడంటే భయమా? భయమే, కానీ నలుగురూ నన్ను బుద్ధిమంతుడనే ఆ ఒక్క మాట, ఒంటి మీది బట్టలన్నీ విప్పిన రోజు కూడా విప్పలేకపోయిన ఆ మాట, పోతుందేమోనన్న బెంగ అంతకన్నా ఎక్కువ. కాసేపటికి మూర్తిగారు వచ్చారు. ఆ క్లబ్బుకు వెళ్తారా అని అందరూ అడిగారు. "వెళ్తానండీ, ఎప్పట్నుంచో వెళ్తున్నాను" అన్నారాయన. కారు ఎవరిదో ఆయనకు తెలుసు. అయినా నా పేరెత్తలేదు, నా వైపు చూడనైనా లేదు. పూజ ఆయన చేతుల్లోంచి తీసేశారు. ఎవరికిచ్చారనుకున్నారు? పద్ధతైన మనిషినని, నాకు!

ఇప్పుడు ఏటా పట్టుపంచె కట్టుకుని పీట మీద కూర్చుంటాను. ఫోన్లో చూసి మంత్రాలు చదువుతాను. తడబడితే వెనక వరసలోంచి మూర్తిగారు మెల్లగా అందిస్తారు. హారతయ్యాక, అంత పెద్దాయన, నాకు రెండు చేతులెత్తి దండం పెడతారు. తిరిగి పెట్టాలి. నా చెయ్యి ఒకటే లేస్తుంది. రెండోది పంచె ముడి మీద ఉండిపోతుంది. ఆయన అది చూస్తారు.

క్షమించమని ఆయన్ను అడగలేదు. అడుగుతానో లేదో తెలియదు. మీకు చెప్పానంతే. కాస్త తేలికైంది, ఆ చెరువు గట్టున తువ్వాలు జారినప్పటిలాగే.