ఆ రాత్రి నా చేతిలో ఉన్న తుపాకీ

శ్మశానం గోడను ఆనుకొని ఉన్న వెంచర్‌లో ప్లాట్లు అమ్మినవాణ్ణి నేను. కొనడానికి వచ్చినవాళ్లు గొంతు తగ్గించి "అన్నా, ఈడ ఏమన్న తిరుగుతయా" అని అడిగితే, "తిరిగితే తిరగనియ్యి, రిజిస్ట్రేషన్ అయితే నీ పేరు మీదనే కదా" అనేవాణ్ణి. దయ్యాల మాట ఎత్తేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. అలాంటి నేను ఇది రాయడానికి కూర్చున్నానంటే మా బావమరుదులే నమ్మరు.

మాది అల్మాస్‌గూడ. పుట్టింది అక్కడే, ఇప్పుడు ఉంటున్నదీ అక్కడే. చిన్నప్పుడు మేము జొన్న వేసిన చేలల్లో ఇప్పుడు కాలనీలు లేచాయి. వ్యవసాయం పోయి భూముల వ్యాపారం వచ్చింది. పాత రోజుల నుంచి మిగిలింది మా నాన్న తుపాకీ ఒక్కటే. చేలోకి అడవిపందులు వస్తున్నాయని లైసెన్స్ తీసుకొని కొన్న రెండు గొట్టాల డబుల్ బ్యారెల్. ఆయన పోయాక నేను లైసెన్స్ నా పేరు మీద తీసుకున్నాను. పందులు కనపడక చాలా కాలమైనా తుపాకీ మాత్రం మా పడకగది బీరువాలోనే ఉండేది. నిజం చెప్పాలంటే, అది ఉందని నలుగురికీ తెలియడం నాకు ఇష్టం. ప్లాటు పేచీలో ఎవడైనా గట్టిగా మాట్లాడితే, పక్కవాడు ఆ సంగతి వాడి చెవిలో ఊదేవాడు.

నా భార్య సుజాతకు మాత్రం అదంటే గిట్టదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోలేదు. బీరువా సర్దాలన్నా నన్ను పిలిచి ముందు దాన్ని తీయమనేది. మాకు ఒక్కతే కూతురు, శ్రావ్య. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు పోతూ సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుతోంది.

అంతకు కొన్నాళ్ల ముందు మా వీధిలో వరసగా రెండిళ్లలో దొంగలు పడ్డారు. రెండుచోట్లా డాబా తలుపు తెరిచే లోపలికి దిగారు. దాంతో ఎల్బీనగర్‌లో ఒక దుకాణం నుంచి మనిషిని పిలిపించి అలారం పెట్టించాను. పడుకునే ముందు ఆన్ చేసి పెడితే, ఆ తర్వాత డాబా తలుపు తెరుచుకోగానే సైరన్ మోగుతుంది. మెట్ల దగ్గర ఒకటి, డాబా మీద ఒకటి కెమెరాలు కూడా పెట్టించాను. చీకట్లో కూడా బొమ్మ వస్తుంది, చప్పుడు కూడా రికార్డవుతుంది.

అవి ఎన్నికల రోజులు. పగలంతా ప్రచారం ఆటోలు పాటలు పెట్టుకొని తిరిగేవి. రాత్రి పొద్దుపోయాక గానీ వీధి సద్దుమణిగేది కాదు. అలాంటి ఒక రాత్రి అందరం నిద్రపోయాక సైరన్ మోగింది.

ఉలిక్కిపడి లేచాను. లైటు వేయలేదు. వేస్తే పైనున్నవాడికి మేము లేచినట్టు తెలుస్తుందనుకున్నాను. అంత సైరన్ మోగుతుంటే వాడికి తెలియదా అని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు తోచలేదు. బీరువా తెరిచాను. తుపాకీ ఎప్పుడూ ఉండే మూలలోనే ఉంది. పట్టుకుంటే ఇనుము చల్లగా తగిలింది. పై అర తడిమితే తూటాల డబ్బా చేతికి దొరికింది. గొట్టాలు వంచి, రెండు తూటాలు వేసి మూశాను. ఈలోగా సుజాత లేచి కూర్చుంది. వీధి దీపం వెలుతురు కిటికీలోంచి నా మీదే పడుతోంది.

"ఎటు పోతున్నవ్? పోలీసోళ్లకు ఫోన్ చెయ్యరాదు" అంది.

"నువ్వు పోయి బిడ్డ కాడ ఉండు. లోపల గడియ పెట్టుకోండ్రి."

"అది ఒద్దయ్యా. నీ కాళ్లు మొక్కుత, పెట్టెయ్యి దాన్ని" అని గొట్టం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకుంది. నేను వినిపించుకోలేదు.

తుపాకీ ఉన్నవాడికి భయం ఉండదనుకుంటారు గానీ, నేను ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఆగి ఎక్కాను. పైన డాబా తలుపు బార్లా తెరిచి ఉంది. "ఎవడ్రా" అని అరిచాను. ఆ మోతలో నా గొంతు నాకే వినపడలేదు. నీళ్ల ట్యాంకు వెనక ఏదో కదిలింది. మళ్లీ అరిచాను. ఒక మనిషి ఆకారం ట్యాంకు చాటు నుంచి లేచి నా వైపు వచ్చింది. చేతిలో ఏదో మెరిసింది. కత్తి అనుకున్నాను.

తుపాకీ భుజానికి ఆనించి ట్రిగ్గర్ నొక్కాను.

సరిగ్గా అప్పుడే సైరన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో టక్‌మని చప్పుడు వినపడింది. పేలలేదు. రెండో ట్రిగ్గర్ మీదికి వేలు జరుపుతుంటే "నాన్నా" అని కేక వినిపించింది. నాకు నాలుగడుగుల దూరంలో మా శ్రావ్య నిలబడి ఉంది. మెరిసింది ఆమె ఫోను.

నిద్ర పట్టక, ఎవరితోనో ఫోన్ మాట్లాడదామని పైకి వచ్చిందట. అలారం సంగతి మరిచిపోయి తలుపు తీసింది. సైరన్ మోగేసరికి నేను తిడతానని భయపడి ట్యాంకు వెనక దాక్కుంది. నేను అరవడం చూసి "నేనే నాన్నా" అంటూ బయటికి వచ్చింది, ఆ మోతలో నాకు వినపడలేదు. కింద సుజాత, బిడ్డ మంచం ఖాళీగా ఉండడం చూసి, పరుగున పోయి అలారం ఆపింది. ఎవరితో మాట్లాడుతున్నావని శ్రావ్యను నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

తుపాకీని పిట్టగోడకు ఆనించి అక్కడే కూలబడ్డాను. బిడ్డను దగ్గరికి తీసుకోవడానికి కూడా నాకు చేతులు రాలేదు. సుజాత పైకొచ్చి మా ఇద్దరినీ చూసింది. సంగతి అర్థమైంది. పిట్టగోడ దగ్గరికి పోయి, ఎన్నడూ ముట్టనిది, ఆ తుపాకీని రెండు చేతులతో ఎత్తి కిందికి తీసుకుపోయింది. బీరువాలో పెట్టి, తాళం వేసి, చెవి తన దిండు కింద పెట్టుకుంది. ఆ రాత్రి ముగ్గురం ఒకే గదిలో పడుకున్నాం. శ్రావ్య తెల్లారేదాకా తల్లి చెయ్యి వదల్లేదు.

తెల్లవారాక మొదట ఆ తూటాలు తీసేద్దామనుకున్నాను. చెవి అడిగి తీసుకొని బీరువా తెరిచాను. తుపాకీ లేదు. తూటాల డబ్బా కూడా లేదు.

"నా చేతులతోటి పెట్టిన" అంది సుజాత. ఆమె మొహం పాలిపోయింది. తాళం చెక్కుచెదరలేదు, చెవి రాత్రంతా ఆమె తల కిందే ఉంది. ఇల్లంతా వెతికాం. లైసెన్స్ ఉన్న తుపాకీ పోవడమంటే మాటలు కాదు. దాంతో రేపు ఎవడైనా ఏదైనా చేస్తే నా మెడకే చుట్టుకుంటుంది. చెప్పులు వేసుకొని నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయాను.

అక్కడ ఫిర్యాదులు రాసుకునే రైటర్ నాకు చాలా ఏళ్లుగా తెలుసు. "రాత్రి నా గన్ పోయింది సార్, కంప్లైంట్ రాసుకోండ్రి" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "ఏం పటేలా, పొద్దుగాల్నే పరాచకాలా? ఎలక్షన్లని నువ్వే కదా తెచ్చి డిపాజిట్ చేసినవ్. మా దగ్గర్నే ఉంది."

ఎన్నికలు ప్రకటించగానే మా దగ్గర లైసెన్స్ ఉన్నవాళ్లు తుపాకులు స్టేషన్లో అప్పగించాలి. ఫలితాలు వచ్చాక మళ్లీ తెచ్చుకోవాలి. ప్రతిసారీ చేసే పనే. ఈసారి కూడా సుజాతను బండి వెనక కూర్చోబెట్టుకొని నేనే పోయి ఇచ్చొచ్చాను. తిరిగొచ్చేటప్పుడు మీర్‌పేట్ చౌరస్తా దగ్గర ఆమె "కొన్ని దినాలన్న పీడ పోయింది" అని కూడా అంది. అప్పుడు నవ్వాను. రాత్రి నుంచీ ఆ సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

"జర చూపిస్తరా సార్" అన్నాను. లోపలికి తీసుకుపోయి చూపించాడు. మిగతా తుపాకుల మధ్య, మా నాన్న కుట్టించిన తోలు సంచిలో, నా పేరు చీటీతో ఉంది. సంచి మీద దుమ్ము పేరుకుంది. పక్కనే తూటాల డబ్బా, వేసిన సీలు వేసినట్టే ఉంది. అక్కడే బెంచీ మీద కూర్చుండిపోతే ఒక కానిస్టేబుల్ నీళ్లు తెచ్చిచ్చాడు.

ఇంటికొచ్చి, ముగ్గురం కూర్చొని ఫోన్లో కెమెరా రికార్డింగ్ చూశాం. నేను మెట్లెక్కుతున్నాను. ఒక చెయ్యి ముందుకు, ఒక చెయ్యి నడుము దగ్గర. రెండు చేతుల్లోనూ ఏమీ లేదు. డాబా మీద ఆ ఖాళీ చేతులనే భుజం ఎత్తుకు లేపాను. ఒక కన్ను మూశాను. వేలు వంగింది. సైరన్ ఆగాక, బిడ్డ కేకకు ముందు, టక్‌మన్న చప్పుడు మాత్రం ఉంది.

తర్వాత సుజాత వచ్చింది. పిట్టగోడ దగ్గర వంగి, లేనిదాన్ని రెండు చేతులతో ఎత్తుకుంది. బరువుకు నడుము కొంచెం వంచి నడిచింది. తలుపు దగ్గర గొట్టం చౌకట్టుకు తగలకుండా పక్కకు తిరిగి మరీ దిగింది. అది చూసి సుజాత ఫోను బోర్లా పెట్టేసింది.

"మస్తు బరువుండె. మంచుగడ్డ తీరు చల్లగుండె" అంది.

"నాకు రెండు గొట్టాలు కనవడ్డయ్ నాన్నా. లోపల నల్లగ" అంది శ్రావ్య.

నాగోల్‌లో ఉండే ఒక డాక్టర్ మిత్రుడికి చెప్పాను. భయంలో మనసు అలవాటైనదాన్నే చూపిస్తుందన్నాడు. ఆ చప్పుడు సైరన్ ఆగేటప్పుడు దాని స్విచ్చు చేసినదై ఉంటుందన్నాడు. కావచ్చు. నా ఒక్కడి సంగతైతే ఆ మాటతోనే సరిపెట్టుకునేవాణ్ణి. కానీ ఎన్నడూ ఆ తుపాకీ ఎత్తని మనిషికి దాని బరువెలా తెలిసింది? ముగ్గురమూ ఒకేసారి ఎలా మరిచిపోయాం?

చుట్టాలు మాత్రం మీ నాన్నే మనవరాలిని కాపాడాడంటారు. ఆ మాట వింటే అందరికీ ధైర్యం వస్తుంది, నాకు రాదు. కాపాడేవాడు అసలు నా చేతికి ఆ రాత్రి తుపాకీ ఎందుకిస్తాడు? ఎన్నికలు ఇంకో రెండు నెలలు ఆగి వచ్చి ఉంటే ఆ రాత్రి నిజమైన తుపాకీయే నా చేతిలో ఉండేది. ఎంత ఆలోచించినా ఇది నాకు అంతుపట్టలేదు, ఇక పడుతుందనీ అనుకోను.

ఫలితాలు వచ్చాక తుపాకీ తీసుకుపొమ్మని స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. వద్దన్నాను. లైసెన్స్ వదులుకుంటానని రాసిచ్చాను.

శ్రావ్య మామూలుగానే ఉంది. కోచింగ్‌కు పోతోంది, నవ్వుతోంది, వాళ్లమ్మతో పోట్లాడుతోంది. కానీ నేనున్న గదిలోకి వచ్చేటప్పుడు, పట్టపగలైనా సరే, గడప అవతలే ఆగి "నేనే నాన్నా" అంటుంది. "రా బిడ్డా" అన్నాకే లోపలికి వస్తుంది. వచ్చేముందు ఒకసారి నా చేతుల వైపు చూస్తుంది. నేను వాటిని ఒళ్లో పెట్టుకొని, ఖాళీగా ఉన్నాయని కనపడేలా తెరిచి చూపిస్తాను. ఆ రాత్రి కూడా అవి ఖాళీగానే ఉన్నాయి.